మండపంలో గీతలు, ఆల్బంలో విరిగిన వత్తులు: పెళ్లి ఫోటోగ్రాఫర్లకు సమస్య - పరిష్కారం

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వంటి ఊళ్లలో స్టూడియో నడిపే తెలుగువారు ఒకే సీజనులో తెలుగు పెళ్లిళ్లూ ఒడియా పెళ్లిళ్లూ తీయవలసి వస్తుంది. జీలకర్ర బెల్లమైనా, అటువైపు వధూవరుల చేతులు కలిపి కట్టే హస్తగంఠి అయినా, చాలాసార్లు రాత్రిపూట, అద్దె లైట్ల కింద, జనరేటర్ కరెంటు మీదే జరుగుతుంది. ఫోటో చెడితే మనలో చాలామంది మొదట కెమెరానే అనుమానిస్తారు. నా అనుభవంలో తప్పు నిజంగా కెమెరాది అయిన సందర్భాలు తక్కువ. చెడిన ఫోటోను తెరమీద పెద్దది చేసి నింపాదిగా చూస్తే, లోపం ఎక్కడ పుట్టిందో దాని ఆనవాలు ఆ ఫోటోలోనే దొరుకుతుంది. కింద రాసినవన్నీ అలా ఆనవాళ్లు పట్టుకుని వెతికినవే.

ఫోటోలో నల్లని పట్టీలు, వీడియోలో మినుకుమినుకుమనే వెలుగు

మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో నడుస్తుంది. ఒక్కో ఆవృత్తిలో రెండుసార్లు గరిష్ఠానికి చేరుతుంది కనుక, లోపల చవక డ్రైవర్ ఉన్న ఎల్‌ఈడీ దీపం సెకనుకు 100 సార్లు వెలిగి మందగిస్తుంది. కంటికి అది తెలియదు. షటర్ వేగం 1/500 సెకను పెట్టినప్పుడు మాత్రం, షటర్ తెరల మధ్య సన్నని సందు సెన్సర్ మీదుగా జరుగుతుంటుంది కాబట్టి, దీపం వెలిగినప్పుడు నమోదైన భాగం తెల్లగానూ, మందగించినప్పుడు నమోదైన భాగం నల్లగానూ వచ్చి ఫోటో పట్టీలు పట్టీలుగా కనిపిస్తుంది. శబ్దం రాకూడదని సైలెంట్ షటర్ వాడితే పట్టీలు ఇంకా ఎక్కువవుతాయి, ఎందుకంటే ఎలక్ట్రానిక్ షటర్ సెన్సర్‌ను వరుస వెంట వరుసగా చదవడానికి సాధారణంగా మరింత సమయం తీసుకుంటుంది.

దీనికి మందు షటర్ వేగాన్ని కరెంటుతో కలపడమే. ఫోటోలకు 1/100 లేదా 1/50 పెట్టాలి, మెకానికల్ షటర్ వాడాలి, కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయాలి. వీడియోను సెకనుకు 25 ఫ్రేములతో, 1/50 షటర్‌తో తీయాలి. కొత్త కుర్రాళ్లు 30 ఫ్రేములకు 1/60 పెట్టి, ఇంటికి వచ్చాక వెలుగు ఊగుతోందని తల పట్టుకుంటారు. 30 ఫ్రేములే కావాలంటే షటర్‌ను 1/50 లేదా 1/100 దగ్గర ఉంచాలి.

అన్నీ సరిగా పెట్టినా పలుచని పట్టీ ఒకటి నెమ్మదిగా పైకో కిందికో జారుతూ ఉంటే, జనరేటర్ వైపు చూడండి. జనరేటర్ ఆవృత్తి దాని ఇంజన్ వేగాన్ని బట్టి ఉంటుంది. వంటశాలలో మోటారు గానీ, డీజే సౌండు పెట్టెలు గానీ ఒక్కసారిగా ఆన్ అయితే ఇంజన్ కొంచెం మందగిస్తుంది, ఆవృత్తి 50 నుంచి పక్కకు జరుగుతుంది. మండపం లైట్లకు వేరే లైను ఇమ్మని లైట్‌మన్‌ను ముందే అడగడం ఒక్కటే దారి. వేదిక వెనుక ఎల్‌ఈడీ వాల్ సంగతి మరోలా ఉంటుంది. దాని ఆవృత్తికి ఇంటి కరెంటుతో సంబంధం లేదు కాబట్టి, షటర్ వేగాన్ని దశాంశాలతో మార్చుకోనిచ్చే కెమెరా ఉంటే కొద్దికొద్దిగా మారుస్తూ, పట్టీ మాయమయ్యే చోట ఆపాలి.

నేను మండపానికి చేరగానే చేసే మొదటి పని ఫోనులో స్లో మోషన్ వీడియో పెట్టి ఒక్కో లైటు వైపు తిప్పడం. ఊగే లైటు అందులో కొట్టుకుంటున్నట్టు స్పష్టంగా కనిపిస్తుంది. ముహూర్తానికి రెండు గంటల ముందు చెబితే లైట్‌మన్ మారుస్తాడు, పీటల మీద కూర్చున్నాక చెబితే మార్చడు.

ఫోటో కింది అంచున దట్టమైన నల్లని పట్టీ ఒక్కటే

పైదానికీ దీనికీ చాలామంది తేడా పట్టుకోరు. ఫ్లాష్ ఆపి తీసినప్పుడు పట్టీ పోతే అది లైట్ల దోషం కాదు, షటర్ వేగం ఫ్లాష్ సింక్ వేగాన్ని, అంటే ఫ్లాష్ వెలుగు ఫోటో అంతటా పడే గరిష్ఠ షటర్ వేగాన్ని, దాటిందని అర్థం. చాలా కెమెరాలకు ఆ హద్దు 1/200 లేదా 1/250 దగ్గర ఉంటుంది. వేగం తగ్గించండి, లేదా ఫ్లాష్‌లో హై స్పీడ్ సింక్ పెట్టండి. హై స్పీడ్ సింక్‌లో ఫ్లాష్ బలం బాగా తగ్గుతుందని గుర్తుంచుకుని కాస్త దగ్గరగా నిలబడండి.

ముఖాలకు వింత రంగు, ఎర్రపట్టు ముద్దగా మారడం

పగటి పెళ్లిలో అందరి ముఖాలూ గులాబీ రంగులోనో పసుపులోనో వస్తే తల ఎత్తి షామియానాను చూడాలి. ఎండ ఆ గుడ్డలోంచి వడకట్టుకుని దిగుతుంది కాబట్టి గుడ్డ రంగే ముఖాల మీద పడుతుంది. పసుపు ఫంక్షన్‌లో తంటా ఇంకోలా వస్తుంది. చుట్టూ పసుపు బట్టలు, పసుపు పూలు ఉండేసరికి రంగును తనంతట తానే సర్దే ఆటో వైట్ బ్యాలెన్స్ దాన్ని దోషమనుకుని సరిదిద్దబోతుంది, దాంతో చర్మం నీలివైపు జారి పాలిపోయినట్టవుతుంది. రెండుచోట్లా ఆటోను వదిలేసి, ఆ గుడ్డ కిందే గ్రే కార్డు (రంగు కొలతకు వాడే బూడిదరంగు అట్ట) పట్టుకుని ఒక ఫోటో తీసి, రా (RAW) ఫైళ్లన్నిటికీ ఆ కొలతే వర్తింపజేయాలి. ఒకవైపు 3200 కెల్విన్ హలోజన్, మరోవైపు 5500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ ఉంటే ఏ కొలతా రెండింటికీ కుదరదు. అప్పుడు ఒకదాన్ని ఆర్పించడమో, ఫ్లాష్‌కు నారింజ జెల్ కట్టి హలోజన్‌తో కలపడమో చేయాలి. డెకరేషన్ వాళ్లు పెట్టే ఊదారంగు ఎల్‌ఈడీ నేరుగా వధువు ముఖం మీద పడితే ఎడిటింగ్‌లో ఎవరూ కాపాడలేరు, ఎందుకంటే ఆ వెలుగులో చర్మానికి కావలసిన మిగతా రంగులే ఉండవు. దాన్ని గోడకు తిప్పించండి.

ఇక ఎరుపు. బరంపురం పట్టు చీర అంచున గుడి గోపురాల్లా వరుసగా వచ్చే కుంభాలే దాని అందం. నేతగాడు పోగు పోగునా లెక్కపెట్టి తెచ్చిన ఆ మొనలు ఫోటోలో కనబడక, చీర మొత్తం ఒకే ఎర్రని ముద్దగా వస్తే రెడ్ చానల్ నిండి పొంగిపోయిందన్నమాట. వెలుగు పంపకాన్ని చూపే మామూలు హిస్టోగ్రామ్ గ్రాఫులో అంతా క్షేమంగానే ఉన్నట్టు కనిపిస్తుంది, అది మూడు రంగుల సగటు కాబట్టి. కెమెరాలో ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ తెరిచి, ఎరుపు గీత కుడి గోడను తాకుతుంటే ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్‌లో మూడింట రెండు వంతుల మేర తగ్గించి తీయండి. ఎడిటింగ్‌లో వెలుగు పెంచుకుంటూ ఎరుపు సాచురేషన్ కొంత దించితే కుంభాలు మళ్లీ విడివిడిగా తేలుతాయి.

లెన్స్ మీద మంచు, లోపల సాలెగూడు

కొరాపుట్ జిల్లాలో 1672 మీటర్ల దేవమాలి కొండకో, గజపతి జిల్లాలోని మహేంద్రగిరికో ప్రీ వెడ్డింగ్ షూట్లకు తీసుకువెళ్లడం ఇప్పుడు మామూలైంది. ఏసీ కారులో చల్లబడిన కెమెరాను వానాకాలపు తేమ గాలిలోకి ఒక్కసారి తీస్తే గాజు మీద తేమ కమ్ముకుంటుంది. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది. దిగడానికి అరగంట ముందే ఏసీ కట్టేసి, బ్యాగు జిప్పు తీయకుండా బయట ఉంచి, లోపలి సామాను బయటి వేడికి చేరేదాకా ఆగాలి.

టార్చి వేసి చూసినప్పుడు గాజు పొరల మధ్య సన్నని దారాలు అల్లుకుని కనిపిస్తే అది ఫంగస్. తేమలో మూసి ఉంచిన తోలు బ్యాగులే దానికి పుట్టిల్లు. సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో, తేమను కొలిచే చిన్న హైగ్రోమీటర్ పెట్టి తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. ఇప్పటికే పట్టిన లెన్స్‌ను మిగతావాటితో కలిపి ఉంచకండి. ఆకాశం ఉన్న ప్రతి ఫోటోలోనూ ఒకేచోట బూడిదరంగు చుక్క వస్తే మాత్రం ఫంగస్ కాదు, సెన్సర్ మీద దుమ్ము. లెన్స్ రంధ్రం చిన్నదయ్యే ఎఫ్ 16 దగ్గర స్పష్టంగా, పెద్దదయ్యే ఎఫ్ 2.8 దగ్గర మసకగా కనిపించడమే దాని గుర్తు. బ్లోయర్‌తో ఊదండి, నోటితో ఊదితే ఉమ్మి తుంపర పడి మరకవుతుంది.

కార్డు చదవబడటం లేదని రావడం

ఆ క్షణంలో కార్డు బయటికి తీసి పక్కన పెట్టడం తప్ప ఇంకేమీ చేయకూడదు. ఫార్మాట్ చేయమంటారా అని కంప్యూటర్ అడిగితే వద్దనండి. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక పాడైనా ఫోటోల సమాచారం సాధారణంగా కార్డులో అలాగే ఉంటుంది, దాని మీద కొత్తది రాస్తేనే పోతుంది. ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తిరిగి తీసి, తీసినవాటిని ఆ కార్డులోకి కాక వేరే డిస్కులోకి పంపాలి. మొదటి ఫోటోలు బాగుండి తరువాతివి సగం నుంచి బూడిదరంగుకు మారితే అది నకిలీ కార్డు కావచ్చు. పైన 128 జీబీ అని ఉన్నా లోపల అంత చోటు ఉండదు. కొత్త కార్డు కొన్న రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ (H2testw) అనే సాఫ్ట్‌వేర్‌తో నిండా రాయించి పరీక్షించి, ఆ తరువాత కెమెరాలోనే ఫార్మాట్ చేసి వాడండి.

ఆల్బంలో తాళి ముందు, జీలకర్ర బెల్లం తరువాత

ఇది రెండు కెమెరాల గడియారాల తేడా. పని మొదలయ్యే ముందు రెండు కెమెరాలతోనూ ఒకే ఫోను గడియారాన్ని ఫోటో తీసి ఉంచితే, లైట్‌రూమ్‌లోని ఎడిట్ క్యాప్చర్ టైమ్‌తో రెండో కెమెరా ఫైళ్లన్నిటినీ ఒక్కసారే జరుపుకోవచ్చు.

తెరమీద బాగుండి ప్రింటులో చీకటిగా రావడం

తెర వెలుగు నూటికి నూరు పెట్టి ఎడిట్ చేసేవారికి ఈ బాధ తప్పదు. వెలుగు ఎక్కువైన తెరమీద ముదురు ఫోటో కూడా సరిగా ఉన్నట్టే తోస్తుంది. ఒక తెల్ల కాగితాన్ని గది వెలుగులో తెర పక్కన పట్టుకుని, తెరమీది తెలుపు కాగితం తెలుపుకు దగ్గరయ్యేదాకా దించండి. తెర వెలుగును కొలిచే కాలిబ్రేటర్ ఉన్నవారు చదరపు మీటరుకు 80 నుంచి 120 కాండెలాల మధ్య పెట్టుకోవచ్చు. రంగులు వెలసినట్టు వస్తే ఫైలు అడోబ్ ఆర్‌జీబీ అనే రంగుల ప్రొఫైల్‌లో ఉండిపోయిందేమో చూడండి. అసైన్ ప్రొఫైల్ కాదు, కన్వర్ట్ టు ప్రొఫైల్‌తోనే ఎస్‌ఆర్‌జీబీకి మార్చాలి. 12×36 అంగుళాల షీటుకు 300 డీపీఐ చొప్పున 3600×10800 పిక్సెళ్లు కావాలి, మధ్య మడత 5400 దగ్గర పడుతుంది. ఆ గీత మీద ఎవరి ముక్కూ రాకుండా చూసుకోండి.

పేరులో వత్తులు విరిగిపోవడం

సరిహద్దు స్టూడియోకు ప్రత్యేకమైన తలనొప్పి ఇదే. ఆల్బం మొదటి పేజీలో పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ వేయమంటారు. ఫోటోషాప్‌లో 'లక్ష్మి' అని అతికిస్తే 'లక్‌ష్‌మి' అని, 'పద్మావతి' అతికిస్తే 'పద్‌మావతి' అని వస్తుంది. ఒడియా సంయుక్తాక్షరాలూ అలాగే చెదురుతాయి. అక్షరాలను కూర్చే ఇంజన్ మన లిపులకు తగినది కాకపోవడమే కారణం. ఫోటోషాప్ పాత వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకుని, కొత్త పత్రం తెరిచి మళ్లీ టైప్ చేస్తే వత్తులు తమ చోట కూర్చుంటాయి. తెలుగుకు మల్లన్న, మండలి, రామభద్ర, ఒడియాకు బలూ భైనా వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఉన్నాయి.

అను ఫాంట్ల కథ వేరు. అవి యూనికోడ్ కావు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను అమర్చుకున్న ఫాంట్లు అవి. అందుకే వాట్సాప్‌లో వచ్చిన పేరును వాటిలో అతికిస్తే డబ్బాలు వస్తాయి, మీరు అందంగా కూర్చిన ఫోటోషాప్ ఫైలును (పీఎస్‌డీ) ఆ ఫాంటు లేని ల్యాబులో తెరిస్తే ఇంగ్లిషు చెత్త వస్తుంది. వాడకండి అనను, శుభలేఖ అక్షరాల సొగసు వాటిలో ఇప్పటికీ ఉంది. కన్వర్టర్‌తో మార్చుకుని వాడండి, ల్యాబుకు మాత్రం జేపెగ్ పంపండి.

ఫాంటు కుదిరాక కూడా పేరు తప్పు పడవచ్చు. ఒడియాలో మన వ-కారం తరచుగా బ-కారమవుతుంది కనుక తెలుగు పేజీలోని వెంకటేశ్ ఒడియా పేజీలో బెంకటేశ్ అవుతాడు. ఒకసారి నేను నా తెలివితో దాన్ని 'సరిదిద్ది' 12 షీట్లు మళ్లీ ప్రింటు వేయించుకున్నాను. అప్పటినుంచి రెండు కుటుంబాల పెద్దలతోనూ ప్రూఫు కాగితం మీద సంతకం పెట్టించుకుంటున్నాను.

ఆల్బం తయారైనా ఎవరూ తీసుకువెళ్లకపోవడం

పెళ్లి అయిపోయాక ఫోటోలు ఎంపిక చేసేవారు ఒకరు, డబ్బు ఇచ్చేవారు మరొకరు అవుతారు. అమ్మాయి అత్తారింటికి విశాఖ వెళ్లిపోతుంది, తండ్రి రాయగడలో ఉంటాడు, ఎంపిక నెలల తరబడి జరగదు, మన బాకీ దానికి వేలాడుతుంది. కాబట్టి చివరి చెల్లింపును ఆల్బంకు ముడిపెట్టడమే అసలు పొరపాటు. బుకింగ్ నాడు కొంత, పెళ్లి రోజు పెద్ద భాగం, డిజైన్ ఒప్పుకున్నప్పుడు మరికొంత తీసుకుని, చేతికి ఇచ్చేటప్పుడు కొద్దిపాటి మొత్తమే మిగిలేలా రాసుకోవాలి. ఎంపికకు గడువు తేదీ, అది దాటితే ఫోటోలను మనమే ఎంచుతామన్న వాక్యం ఆ కాగితంలోనే ఉండాలి.

అదే కాగితంలో ఇంకో వాక్యం అవసరం. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద తీసిన ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారు. స్టూడియో ముందు బ్యానరు మీద పెళ్లికూతురి ఫోటో వేసినందుకు గొడవకు వచ్చినవారు న్యాయంగానే వచ్చారని తెలుసుకోవాలి. అనుమతిని రాతపూర్వకంగా ముందే తీసుకోండి.

ఆంధ్రలోని ఈవెంట్ సంస్థకు పనిచేసి బిల్లు వెనక్కి వస్తే పన్ను వరుస చూడండి. జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉన్న మన నంబరు ఒడిశా కోడు 21తో, వారిది ఆంధ్ర కోడు 37తో మొదలైతే సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ కాదు, రాష్ట్రాల మధ్య పన్ను అయిన ఐజీఎస్‌టీ వేయాలి. ఏడాది టర్నోవరు 20 లక్షల రూపాయల లోపు ఉండి రిజిస్ట్రేషన్ తీసుకోనివారు బిల్లులో పన్ను వరుసే పెట్టకూడదు.