ఓపెన్ రైల్స్‌లో మొదటి బండి నడపడం ఎలా?

ఓపెన్ రైల్స్ పైసా ఖర్చు లేకుండా దొరికే రైలు సిమ్యులేటర్, అంటే కంప్యూటరులో రైలు నడిపే ప్రోగ్రాము. 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ కోసం ఔత్సాహికులు చేసిపెట్టిన రూట్లు, ఇంజిన్లు, బోగీలు దీంట్లో నడుస్తాయి. మన డబ్ల్యూఏపీ-4 లాంటి ఎలక్ట్రిక్ ఇంజిన్లు కూడా వాటిలో ఉన్నాయి. డబ్బు కట్టి కొనే సిమ్యులేటర్లలో చాలావరకు కొత్త రూటు కావాలంటే మళ్లీ విడిగా చెల్లించాలి. మన లైన్ల మీద మోజున్నవాళ్లకు ఇదే సరైనది.

విండోస్ 10 కంప్యూటరు, 8 జీబీ ర్యామ్, ఒక మోస్తరు గ్రాఫిక్స్ కార్డు ఉంటే చాలు. చెన్నైలో ఉన్నవాళ్లు రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ దుకాణాలకి వెళ్తే అక్కడ జాయ్‌స్టిక్కులు అంటగట్టబోవచ్చు, తీసుకోకండి. రైలు నడపడానికి కీబోర్డు చాలు. ఆ డబ్బుతో ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్కు) కొనుక్కోండి, రూటు త్వరగా తెరుచుకుంటుంది. ప్రోగ్రామును ఓపెన్ రైల్స్ సొంత సైట్ నుంచే దించుకుని నెక్స్ట్ కొట్టుకుంటూ పోండి, అయిపోతుంది.

చాలామంది చేతులెత్తేసేది దీని తర్వాతే. ప్రోగ్రాము తెరుస్తారు, రూట్ల జాబితా ఖాళీగా కనిపిస్తుంది, సిమ్యులేటర్ పాడైందని తీసేస్తారు. ప్రోగ్రాము బాగానే ఉంటుంది, ఫోల్డర్లే తప్పు చోట ఉంటాయి.

డి డ్రైవ్‌లో ‘రైలు’ అని ఇంగ్లిష్ అక్షరాలతో ఒక ఫోల్డర్ పెట్టండి. ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల మాత్రం పెట్టొద్దు, అక్కడి ఫైళ్లు మార్చబోతే విండోస్ అడ్డుపడుతుంది. ఈ ఫోల్డర్‌లో గ్లోబల్, రూట్స్, సౌండ్, ట్రెయిన్స్ అనే నాలుగు ఉండాలి. ట్రెయిన్స్‌లో మళ్లీ రెండు: ఇంజిన్లు, బోగీలు ఉండేది ట్రెయిన్‌సెట్, వాటిని కలిపి కూర్చిన పూర్తి బండ్ల (రేక్‌ల) ఫైళ్లు ఉండేది కన్సిస్ట్స్.

దించుకున్న రూటు జిప్‌ను విప్పితే తరచూ ఒక ఫోల్డర్‌లో అదే పేరుతో ఇంకో ఫోల్డర్ వస్తుంది. పై తొడుగు పారేసి లోపలిదాన్నే రూట్స్‌లోకి లాగండి. రూటు ఫోల్డర్ తెరవగానే టైల్స్, వరల్డ్, షేప్స్ కనిపించాలి. ఇంకో మెట్టు దిగాల్సి వస్తే తప్పు పెట్టినట్టే. ఆ తర్వాత ఆప్షన్స్‌లోని కంటెంట్ ట్యాబ్‌లో యాడ్ నొక్కి పైనున్న ‘రైలు’ ఫోల్డర్‌ను చూపించండి. చాలామంది రూట్స్‌నే చూపిస్తారు. అలా చూపిస్తే ట్రెయిన్స్, గ్లోబల్ దానికి దొరకవు.

ఇక టీసెక్షన్ ఫైలు దగ్గర తొందరపడకండి. ఏ పట్టా ముక్క ఎంత పొడవు, ఎంత వంపు అనే చిట్టా అది, గ్లోబల్‌లో ఉంటుంది. రూటు ఫోల్డర్‌లో కూడా అచ్చం అదే పేరుతో ఒక చిన్న ఫైలు కనిపించవచ్చు. ఆ ఒక్క రూటుకే చెందిన పట్టాలు ఉండేది అందులో. రెండూ ఒకటే అనుకుని చిన్నదాన్ని గ్లోబల్ దాని మీదికి కాపీ చేస్తే అన్ని రూట్లూ ఒక్క దెబ్బతో పోతాయి. గ్లోబల్ ఫైలును ముట్టుకునే ముందు నకలు తీసి వేరేచోట దాచండి. కొత్త రూటుకు కొత్త చిట్టా కావాలంటే మొత్తం ఫైలు మార్చాలి, దాని పట్టాల బొమ్మలు గ్లోబల్‌లోని షేప్స్‌లో వేయాలి. కొత్త చిట్టాలో మామూలుగా పాత ముక్కలు కూడా ఉంటాయి కాబట్టి పాత రూట్లు చెడవు. కొన్ని రూట్లకు పాత మైక్రోసాఫ్ట్ ఆట అసలు ఫైళ్లు కూడా కావాలి. ఆ సంగతి రూటుతో వచ్చే రీడ్‌మీలో రాసి ఉంటుంది, చదవకుండా మొదలెట్టకండి. ఏదైనా దొరక్కపోతే డెస్క్‌టాప్ మీది ఓపెన్ రైల్స్ లాగ్ ఫైలు తెరిచి చూడండి, ఏ ఫైలు లేదో పేరుతో సహా చెబుతుంది.

మెనూలో రూటు ఎంచుకుని, ఎక్స్‌ప్లోర్ రూట్ పెట్టి, ఎలక్ట్రిక్ ఇంజిన్, ఐదారు బోగీలున్న రేక్ తీసుకోండి. మొదటిసారే 24 బోగీలు తగిలించకండి. ఆప్షన్స్‌లో పీడనం కొలమానాన్ని కేజీ/చ.సెం.మీ.కి మార్చండి, గ్రాడ్యుయేటెడ్ రిలీజ్ టిక్ చేయండి. మన బోగీల్లో బ్రేకు కొంచెం కొంచెంగా వదులుకునే పద్ధతే ఉంది.

‘పి’ నొక్కితే పాంటో (పై తీగ నుంచి కరెంటు తీసుకునే చట్రం) లేస్తుంది. ఆ కరెంటును ఇంజిన్‌కు కలిపే సర్క్యూట్ బ్రేకర్ మూసుకోకపోతే ‘ఓ’ నొక్కండి. ‘డబ్ల్యూ’తో రివర్సర్‌ను (బండి దిశ మార్చే మీటను) ముందుకు పెట్టి, సెమీకోలన్‌తో బ్రేకు వదలండి. ఎఫ్5 నొక్కితే అంకెలు తెరమీదికి వస్తాయి. బ్రేకు పైపులో గాలి పీడనం 5 కేజీలకు (కేజీ/చ.సెం.మీ.) ఎక్కేదాకా ఆగి, ఆ తర్వాతే ‘డి’తో ఒక్కో నాచ్ (పవర్ మెట్టు) పెంచండి.

ఆపాలంటే ముందు ‘ఎ’తో పవర్ పూర్తిగా తగ్గించి, ఎంటర్ పక్కనున్న కోట్ గుర్తు మీటతో పైపులో పీడనం అర కేజీ తగ్గించి చూడండి, పీడనం తగ్గితేనే బ్రేకు పడుతుంది. ఆ తగ్గుదల చివరి బోగీదాకా పాకడానికి కొంత సమయం పడుతుంది. బ్రేకు పడలేదని మళ్లీ మళ్లీ నొక్కితే ప్లాట్‌ఫారానికి చాలా ముందే బండి ఆగిపోతుంది. బ్యాక్‌స్పేస్ ఎమర్జెన్సీ బ్రేకు, స్టేషన్‌లో ఆగడానికి దాన్ని వాడకండి.