తక్కువ ఖర్చుతో గేర్ – 3వ పాఠం: 405 లెక్క

రెండో పాఠం అయ్యేసరికి మీ క్యారెక్టర్ పాత్ ఆఫ్ ఎగ్జైల్ ఆటలో కథ నడిచే పది యాక్టులూ దాటి మ్యాపుల (కథ అయ్యాక వచ్చే కష్టమైన ప్రాంతాల) గుమ్మం దగ్గరికి వచ్చింది. చాలామంది ఆట వదిలేసేది ఇక్కడే. నిన్నటిదాకా మీ ఒక్క దెబ్బకు రాలిపోయిన గుంపులు ఇవాళ మిమ్మల్నే ఒక్క దెబ్బకు లేపేస్తుంటాయి. అప్పుడు ఎవరి చూపైనా ముందు ఆయుధం మీదికే పోతుంది. ఉన్న ఆర్బ్‌లన్నీ (ఆటలో డబ్బు అవే) ఊడ్చి పెద్ద కత్తి కొంటారు, మళ్లీ అదే మ్యాపులో, అదే మూల దగ్గర చస్తారు.

డ్యామేజ్ తగ్గడం వల్ల చావడం లేదు మీరు. ఐదో యాక్టు చివర కిటావా అనే బాస్ మీ రెసిస్టెన్స్‌లన్నిటిలోంచి (ఒక్కో రకం దెబ్బ ఎంత శాతం తగ్గుతుందో చెప్పే అంకెలు) 30 కోశాడు. పదో యాక్టు చివర ఇంకో 30. మొత్తం 60 పోయింది. ఆట ఆ సంగతి ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటుంది, మనం ఆ హడావిడిలో పట్టించుకోం. కీబోర్డ్‌లో సి నొక్కి, డిఫెన్స్ అంకెలు చూడండి. ఫైర్, కోల్డ్, లైట్నింగ్ మూడూ 75 ఉన్నాయా? లేకపోతే ఈ పాఠం మీకోసమే.

75 అనేది మామూలుగా దాటనివ్వని హద్దు. ఎందుకు అక్కడిదాకా ఎక్కాలో అంకెల్లో చూద్దాం. మీ మీదికి 1000 ఫైర్ డ్యామేజ్ వచ్చిందనుకోండి. 75 ఉంటే తగిలేది 250. 50 ఉంటే 500, అంటే రెట్టింపు. 15 ఉంటే 850. ఇంకో తమాషా ఉంది. 10 నుంచి 15కు ఎక్కితే 900 కాస్తా 850 అవుతుంది, పెద్ద తేడా తెలీదు. 70 నుంచి 75కు ఎక్కితే 300 కాస్తా 250 అవుతుంది, ఆరో వంతు దెబ్బ తగ్గినట్టే. ఒకే ఐదు శాతం, కానీ పైకి వెళ్లేకొద్దీ దాని విలువ పెరుగుతుంది. కాబట్టి '68 ఉందిలే, పర్లేదు' అనుకోవద్దు. ఆ చివరి ఏడే అన్నిటికన్నా విలువైనవి.

మన ఊరివాళ్లకు ఇది ఇంకాస్త ముఖ్యం. సింగపూర్ గేట్‌వేలో (సర్వర్‌లో) ఆడుతూ, హాస్టల్ వైఫైలో, పక్క రూముల్లో అందరూ ఐపీఎల్ పెట్టుకున్న రాత్రి, బాస్ చెయ్యెత్తడం చూసి పక్కకు దూకుదాం అనుకునేలోపే దెబ్బ పడిపోయి ఉంటుంది. తప్పించుకోవడం మీద ఆధారపడే బిల్డులు మంచి కనెక్షన్ ఉన్నవాళ్లకు. మనం దెబ్బ తిని నిలబడే గేర్ కట్టుకోవాలి. ఆప్షన్స్‌లో నెట్‌వర్క్ మోడ్ లాక్‌స్టెప్ నుంచి ప్రిడిక్టివ్‌కు మార్చి చూడండి, కొందరికి చెయ్యి తేలికపడుతుంది. అయినా అది గేర్‌కు బదులు కాదు.

ఇప్పుడు అసలు లెక్క. 60 కోత పోను 75 మిగలాలంటే ఒక్కో ఎలిమెంట్‌కు 135 కావాలి. మూడింటికి కలిపి 405. ఆయుధం పక్కన పెడితే మీకున్న అరలు తొమ్మిది: హెల్మెట్, బాడీ ఆర్మర్, గ్లవ్స్, బూట్స్, బెల్ట్, రెండు రింగులు, అమ్యులెట్, షీల్డ్ లేదా క్వివర్. 405ని తొమ్మిదికి పంచితే అరకు సగటున 45. ప్యాసివ్ ట్రీలో (లెవెల్ పెరిగేకొద్దీ పాయింట్లతో బలాలు ఎంచుకునే పటంలో) కొంత దొరుకుతుంది కాబట్టి నిజానికి అంత కూడా అక్కర్లేదు. అరకు 45 అంటే భయపడాల్సిన అంకె కాదు, 1 కేయాస్ ఆర్బ్ పెట్టి కొనే చవక వస్తువులోనూ తరచూ ఉంటుంది. మరి జనం ఎందుకు డబ్బు తగలేస్తారు? ఒక్కో వస్తువునూ విడిగా 'బెస్ట్' కావాలని వెతుకుతారు కాబట్టి. వస్తువు ఎంత గొప్పదని కాదు, మొత్తం ఎక్కడ తగ్గిందని చూడాలి.

ముందు సున్నాలు పట్టుకోండి. తొమ్మిది అరల్లో ఏది రెసిస్టెన్స్ అసలు ఇవ్వడం లేదు? చాలాసార్లు అది టబులా రాసా అవుతుంది. స్కిల్ జెమ్‌లు పెట్టుకునే ఆరు తెల్ల సాకెట్లు, ఆరూ ఒకదానికొకటి లింకులతో ఉండే బాడీ ఆర్మర్ అది. యాక్టుల్లో స్వర్గమే. కానీ దాని మీద లైఫ్ లేదు, రెసిస్టెన్స్ లేదు, ఆర్మర్ కూడా లేదు. మ్యాపుల్లో అది వేసుకున్నారంటే 405ని ఎనిమిది అరల్లోనే ఇరికించాలి. మొదట్లో నాలుగు లింకులు చాలు. ఆరు లింకుల కోసం క్రాఫ్టింగ్ బెంచ్ (వస్తువులకు మనమే మార్పులు చేసుకునే బల్ల) అడిగేది 1500 ఆర్బ్ ఆఫ్ ఫ్యూజింగ్, ఆ ఊసు ఇప్పట్లో ఎత్తకండి. మొదటి లెవెల్ నుంచీ పెట్టుకునే గోల్డ్‌రిమ్ టోపీ దీనికి పూర్తిగా వ్యతిరేకం. చూడ్డానికి బోడి తోలు టోపీ, కానీ మూడు ఎలిమెంట్లకూ తలా 30 నుంచి 40 ఇస్తుంది. లైఫ్ లేదు కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు తీసేయాల్సిందే, తొందర మాత్రం లేదు.

వస్తువు చదవడం నేర్చుకుందాం. ఏ రేర్ వస్తువు మీదైనా మౌస్ పెట్టి ఆల్ట్ నొక్కి పట్టుకోండి. ప్రతి లైనూ ప్రిఫిక్సో, సఫిక్సో (వస్తువు గుణాల్లో రెండు రకాలివి) చూపిస్తుంది. రేర్ వస్తువుకు మూడు ప్రిఫిక్సులు, మూడు సఫిక్సులు మించవు. లైఫ్, బూట్ల మీద మూవ్‌మెంట్ స్పీడ్ ప్రిఫిక్సులు. రెసిస్టెన్స్‌లన్నీ సఫిక్సులు. సఫిక్సులు రెండే ఉంటే ఒక చోటు ఖాళీ ఉన్నట్టు, అక్కడ బెంచ్ దగ్గర మీకు కావాల్సిన రెసిస్టెన్స్ మీరే వేసుకోవచ్చు. మామూలుగా ఒక వస్తువుకు ఒక్క క్రాఫ్టే పడుతుంది, అది గుర్తుంచుకోండి. తక్కువ బడ్జెట్ ఆటంతా ఈ ఖాళీ సఫిక్స్ చుట్టూనే తిరుగుతుంది. అమ్మేవాడికి అది అసంపూర్తి సరుకు, అందుకే చవగ్గా వదిలేస్తాడు.

ఒక నిజమైన స్క్రీన్‌షాట్ తీసుకుందాం. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండే ఒక తమ్ముడు పంపాడు. ఫైర్ 41, కోల్డ్ 8, లైట్నింగ్ 70. లోటు వరుసగా 34, 67, 5, మొత్తం 106. ఎడమ చేతికి మూడో యాక్టు నాటి ఐరన్ రింగ్ ఇంకా వేలాడుతోంది: లైఫ్ 22, స్ట్రెంగ్త్ 24, రెసిస్టెన్స్ సున్నా. బెల్ట్ మీద ఒక సఫిక్స్ ఖాళీ, హెల్మెట్ మీద ఒకటి ఖాళీ. అంటే సగం మందు ఇంట్లోనే ఉంది.

కోల్డ్ బాగా తగ్గింది కాబట్టి సఫైర్ రింగ్ వెతికాం. ఆ రకం రింగ్ పుట్టుకతోనే 20 నుంచి 30 కోల్డ్ ఇస్తుంది. రూబీ అయితే ఫైర్, టోపాజ్ అయితే లైట్నింగ్. దొరికింది ఇలా ఉంది: పుట్టుకతో కోల్డ్ 25, లైఫ్ 55, ఫైర్ 30, ఒక సఫిక్స్ ఖాళీ. బెంచ్‌లో ఆ ఖాళీలో కోల్డ్ వేస్తే 25 పడింది. ఇప్పుడు ఫైర్ 71, కోల్డ్ 58, లైట్నింగ్ 70. తర్వాత బెల్ట్ ఖాళీలో కోల్డ్ 21, కోల్డ్ 79కి చేరింది. హెల్మెట్ ఖాళీలో ఫైర్, లైట్నింగ్ రెండూ కలిపి ఇచ్చే క్రాఫ్ట్, తలా 10. చివరికి ఫైర్ 81, కోల్డ్ 79, లైట్నింగ్ 80. కొన్నది ఒక్క రింగే.

పైన మిగిలిన ఆ నాలుగైదూ దండగ అనుకోకండి. ఎలిమెంటల్ వీక్‌నెస్ శాపం పడితే రెసిస్టెన్స్ దిగిపోతుంది, ముందు కరిగేది ఆ మిగులే.

అయితే రింగ్ మార్చగానే తమ్ముడి ఒక సపోర్ట్ జెమ్ (స్కిల్‌కు బలం చేర్చే రాయి) ఎర్రబడి ఆగిపోయింది. దానికి కావాల్సిన స్ట్రెంగ్త్ 98. అతనికి ఉన్న 110లోంచి పాత రింగ్‌తో 24 పోయి 86 మిగిలింది. ట్రీలో దారి పక్కన 10 చొప్పున ఇచ్చే స్ట్రెంగ్త్ చుక్కలు రెండు తీసుకుని గట్టెక్కాడు. కాబట్టి ఏ వస్తువైనా తీసే ముందు దాని మీద స్ట్రెంగ్త్, డెక్స్‌టెరిటీ, ఇంటెలిజెన్స్ ఎంతున్నాయో చూసుకోండి. తర్వాత కొన్న వస్తువు వేసుకోవడానికే వీల్లేక టెన్షన్ పడేవాళ్లను చాలామందినే చూశాను.

ఇక బజారు. ఆట సొంత ట్రేడ్ సైట్‌లో 'ఫైర్ ఇంత, కోల్డ్ ఇంత' అని విడివిడిగా టిక్ పెడితే ఖరీదైన సరుకే తగులుతుంది. టోటల్ ఎలిమెంటల్ రెసిస్టెన్స్ అనే ఒక్క ఫిల్టర్ పెట్టి కనీసం 50 అనండి. లైఫ్ కనీసం 50. ఖాళీ సఫిక్స్ కనీసం 1, దానికీ ఫిల్టర్ ఉంది. గరిష్ఠ ధర మీ దగ్గరున్న దాంట్లో పదో వంతు. బూట్లకు మాత్రం మూవ్‌మెంట్ స్పీడ్ కనీసం 20 కలపండి. అది లేని బూట్లు ఊరికే ఇచ్చినా వద్దు.

పై వరుసలో కనిపించే మొదటి నాలుగైదు ధరలు నమ్మొద్దు. అమ్మే ఉద్దేశం లేకుండా, ఇతరులను తక్కువకు అమ్మించడానికి పెట్టే ధరలు కొన్ని ఉంటాయి. మెసేజ్ పెడితే పలకరు. జుమ్మేరాత్ బజార్‌కు వెళ్లినవాళ్లు ముందు ఒక చుట్టు చుట్టి, నాలుగు చోట్ల ధర విని, ఆ తర్వాతే జేబులో చెయ్యి పెడతారు కదా, ఇక్కడా అంతే. ఇంకోటి: రూపాయలు కొడితే ఆర్బ్‌లు ఇస్తామంటూ తగిలేవాళ్లు ఉంటారు. అది ఆట రూల్స్‌కు విరుద్ధం, అకౌంట్ పోతుంది. మనం లెక్కేస్తున్న బడ్జెట్ ఆర్బ్‌లది, యూపీఐది కాదు.

లైఫ్ సంగతి క్లుప్తంగా. ట్రీలో మీరు తీసుకున్న లైఫ్ శాతాలన్నీ కలిపి 150 అనుకుంటే, రింగ్ మీది 60 లైఫ్ మీ ఒంటి మీద 150 అవుతుంది. అందుకే ప్రతి అరలోనూ కొంత లైఫ్ అడగండి. బెల్ట్ కొనడానికి ఆర్బ్‌లు లేకపోతే మంచి లెవెల్ తెల్ల (మామూలు రకం) లెదర్ బెల్ట్ ఒకటి ఏరుకుని దాని మీద ఎసెన్స్ ఆఫ్ గ్రీడ్ వాడండి. రేర్‌గా మారుతుంది, లైఫ్ గ్యారంటీ, మిగతావి అదృష్టం. నాలుగైదు ప్రయత్నాల్లో పనికొచ్చేది ఒకటి రావచ్చు.

కేయాస్ రెసిస్టెన్స్ (ఆర్బ్ కాదు, ఇది నాలుగో రకం దెబ్బకు) మైనస్‌లో ఉందని కంగారు పడకండి. ముందు మూడూ 75, తర్వాతే అది. అప్పుడు అమెథిస్ట్ రింగ్ చూద్దాం.

అభ్యాసం: ఒక కాగితం మీద తొమ్మిది అరలూ రాసి, ఒక్కోదానికి ఎదురుగా మూడు రెసిస్టెన్స్‌లు, లైఫ్, ఖాళీ సఫిక్స్ ఉందో లేదో రాయండి. కింద మొత్తం వేసి 405తో పోల్చండి. ఖాళీ సఫిక్సులన్నీ బెంచ్‌లో నింపేదాకా ట్రేడ్ సైట్ తెరవొద్దు. ఆ తర్వాత కూడా లోటు 30 దాటితే ఒక్క వస్తువు కొనండి, ఎక్కువ సున్నాలున్న అరకు.

నాలుగో పాఠం ఫ్లాస్కుల గురించి. అందులో ఖర్చు దాదాపు ఉండదు. ఆలోగా దొరికే క్విక్‌సిల్వర్, గ్రానైట్ ఫ్లాస్కులు అమ్మేయకుండా స్టాష్‌లో పడేసి ఉంచండి.