సొంతంగా కథల పుస్తకం వేసుకుంటున్నారా? ప్రెస్‌కి ఇచ్చేముందు ఎడిటింగ్ ఎలా చేసుకోవాలి?

మా తిరుపతి, చిత్తూరు వైపు కథలు రాసేవాళ్ళకి కొదవలేదు, కానీ పుస్తకం వేసుకునేది చాలామంది సొంత డబ్బుతోనే. రెండేళ్ళు కష్టపడి రాసినవాళ్ళు కూడా ఎడిటింగ్‌కి రెండు వారాలు పెట్టకుండా నేరుగా డీటీపీకి, అంటే కంప్యూటర్‌లో టైప్ చేసి పేజీలు కట్టేవాళ్ళకి ఇచ్చేస్తున్నారు, అదే నాకు బాధ. ఎడిటర్‌కి డబ్బులిచ్చే స్తోమత లేకపోయినా మన చేతిలో అయ్యే పని చాలా ఉంది, నేను చేసుకునే వరస చెప్తాను.

కథ అయిపోగానే ఒక నెల దాన్ని ముట్టుకోకండి. తర్వాత ఫోన్‌లో కాకుండా ప్రింటవుట్ తీసుకుని పైకి చదవండి, నాలుక తడబడిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ పోండి, దిద్దడానికి మాత్రం ఆగద్దు.

మొదటి విడతలో కథ ఒక్కటే చూడండి. ఈ సీన్ తీసేస్తే కథకేమైనా లోటా? లేదంటే తీసేయండి. అప్పుడే ఒత్తులు, దీర్ఘాలు చూడకండి, రేపు కొట్టేసే పేజీలో ఒత్తులు దిద్ది ఏం లాభం. దీంతోపాటే ఒక క్యాలెండర్ వేసుకోండి. తిరుపతి గంగ జాతర మే నెలలో జరుగుతుంది, చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరేది జూన్, జులైల్లో, మీ కథలో కాయంతా ఫ్యాక్టరీకి పోయాక జాతర వస్తే మనూరివాళ్ళు అక్కడే పట్టేస్తారు. అట్లాగే 1998లో జరిగే కథలో తిరుపతి జిల్లా అని రాయకూడదు, ఆ జిల్లా వచ్చిందే 2022 ఏప్రిల్ 4న.

రెండో విడత వాక్యాలు. ఉదాహరణకి ఇది చూడండి: 'రంగమ్మ చాలా బాధపడింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుండె బరువెక్కింది.' మూడు వాక్యాలూ ఒకే మాట చెప్తున్నాయి, పైగా ఏ రంగమ్మకైనా సరిపోతాయి. దీన్నే 'రంగమ్మ సంగటి ముద్ద అట్టే పెట్టి చెయ్యి కడుక్కునింది' అని రాస్తే మనిషి కనిపిస్తుంది. 'చాలా', 'ఎంతో', 'ఒక్కసారిగా' అనే మాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి చూడండి, సగం తీసేసినా కథకేం కాదు.

మూడోది యాస, దీనికి ఎక్కువ టైమ్ పెట్టండి. ఒక నోట్‌బుక్‌లో పదాల పట్టీ రాసుకోండి: 'ఉండాది'నా 'వుండాది'నా, 'యాడికి'నా 'ఏడకి'నా, పిలకాయలు అని ఎవరంటారు, పిల్లలు అని ఎవరంటారు. అవ్వ 'పోతా వుండా' అంటుంది, తిరుపతిలో ఎమ్మే చదివే మనవరాలు ఫ్రెండ్స్‌తో 'వెళ్తున్నా' అంటుంది, ఇంటికొస్తే అవ్వతో మళ్ళీ 'వస్తా వుండా' అంటుంది. ఆ తేడా మీరు కావాలని పెట్టింది అయ్యుండాలి, పేజీకోరకంగా దొర్లింది కాకూడదు. 'గెనిమ' అనే మన మాటని 'గట్టు' అని మార్చకండి, బయటి పాఠకులకి అర్థం కాదేమో అని భయముంటే, గెనిమ మీద నడుస్తా కాలు జారి మడిలో పడ్డాడు అని రాయండి, అర్థం దానంతటదే తెలుస్తుంది.

ఈ పట్టీ కాపీ డీటీపీ చేసేవాళ్ళకి కూడా ఇవ్వండి. నా మొదటి పుస్తకానికి టైప్ చేసిన అబ్బాయి మంచి చేద్దామనుకుని 'అవ్వ' అన్న చోటల్లా ఒకేసారి 'నానమ్మ' అని మార్చేశాడు, దాంతో 'పని అవ్వలేదు' అన్నది 'పని నానమ్మలేదు' అయ్యింది, అది నేను చూసేసరికి వంద పేజీల ప్రూఫ్, అంటే తప్పులు దిద్దుకోవడానికిచ్చే ప్రింట్, వచ్చేసింది. మన భాషలో రీప్లేస్ ఆల్ నొక్కనే కూడదు, ఒక్కొక్కటీ చూసి మార్చాల్సిందే.

ప్రూఫ్ సంగతికొస్తే, మీరు యూనికోడ్‌లో (ఫోన్‌లో, నెట్‌లో వాడే తెలుగు) టైప్ చేసింది షాపువాళ్ళు 'అను' అనే పాత పద్ధతి డీటీపీ ఫాంట్లలోకి మారిస్తే అక్షరాలు చెదురుతాయి. 'లక్ష్మి', 'రాష్ట్రం' లాంటి మాటలు, కొటేషన్ గుర్తులు ప్రత్యేకంగా చూసుకోండి. కుదిరితే యూనికోడ్‌లోనే పేజీలు కట్టించండి, మండలి లాంటి ఉచిత ఫాంట్ పుస్తకానికి బాగానే ఉంటుంది. ఆఖరి ప్రూఫ్ కథ తెలియని మనిషి చేత చదివించండి, మన కళ్ళు మనం రాసిందాన్ని కాకుండా రాశామనుకున్నదాన్ని చదువుతాయి.

ప్రెస్‌వాళ్ళు పేజీలని ఫారాల లెక్కన వేస్తారు, కథల పుస్తకాలకి వాడే డెమ్మీ సైజులో ఒక ఫారం అంటే 16 పేజీలు. 11 ఫారాలకి 176 పేజీలు, మీది 178కి వచ్చిందంటే ఆ రెండు పేజీల కోసం ఇంకో అర ఫారం ఖర్చు, అప్పుడు మళ్ళీ కథల్లోకి వెళ్ళి కోయండి.

ఐఎస్‌బీఎన్‌కి, అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు నంబర్‌కి, ఎవరికీ డబ్బులు ఇవ్వకండి. కేంద్ర ప్రభుత్వం కింద ఉండే రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుంది, సొంతంగా వేసుకునే రచయితలు కూడా అప్లై చేయొచ్చు, నంబర్ రావడానికి టైమ్ పడుతుంది కాబట్టి కవర్ డిజైన్ మొదలవ్వకముందే అప్లై చేయండి. కాపీరైట్‌కి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రాసిన క్షణం నుంచే హక్కు మీది, మీ తర్వాత ఇంకో 60 ఏళ్ళు ఉంటుంది.

ఇంకొకటి, కొత్త పుస్తకాలు లైబ్రరీలకి ఇవ్వాలనే 1954 చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన 30 రోజుల్లోపు కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి ఒకటి, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని లైబ్రరీలకి ఒక్కోటి మన ఖర్చుతోనే పంపాలి. ప్రెస్ నుంచి కట్టలు ఇంటికి రాగానే, చుట్టాలకీ ఫ్రెండ్స్‌కీ పంచకముందే, ఆ నాలుగు కాపీలు పక్కన తీసి పెట్టేయండి.