తెలిసినవాళ్ల చిన్న విమానం ఎక్కే ముందు

గన్నవరం నుంచి ఎవరైనా "రండి, నా విమానంలో ఒక రౌండ్ తిప్పుతా" అంటే మొహమాటానికి ఎక్కేయకండి. ముందు లైసెన్స్ అడగండి. ప్రైవేట్ పైలట్ లైసెన్స్ మాత్రమే ఉన్నవాళ్లు డబ్బు తీసుకుని మనుషుల్ని తిప్పకూడదు, కాబట్టి డబ్బు మాట వస్తే అక్కడే ఆగిపోండి. పైలట్ మెడికల్ సర్టిఫికెట్ గడువు కూడా చూడండి.

విమానానికి ఎయిర్‌వర్తీనెస్ రివ్యూ సర్టిఫికెట్, అంటే అది ఎగరడానికి తగిన స్థితిలో ఉందని చెప్పే కాగితం ఉండాలి, అందులోని నంబరు, విమానం మీద 'వీటీ'తో మొదలయ్యే నంబరు ఒకటేనా చూసుకోండి. కాగితాలు బాగున్నా సరే, చుట్టూ ఒకసారి నడవండి: ఇంజిన్ కింద ఆయిల్ మరకలు, అరిగిన టైర్లు, తెగిన సీటు బెల్టు. ప్రొపెల్లర్‌ని మాత్రం ఇంజిన్ ఆగి ఉన్నా ముట్టుకోవద్దు. ఎగిరే ముందు పైలట్ ట్యాంకు అడుగు నుంచి కొంచెం ఇంధనం తీసి నీళ్లు చేరాయేమో చూడాలి, ఎందుకంటే నీళ్లు బరువు కదా, అడుగున చేరి గాల్లో ఉండగా ఇంజిన్‌ని ఆపేయగలవు. మన వానాకాలపు తేమలో ఇది చూడకుండా వదిలేసేవాడితో నేనైతే మా పిల్లల్ని పంపను.

చలికాలం పొద్దున్నే పొగమంచులో "ఏం కాదులే" అనే మనిషిని అసలు నమ్మొద్దు. ఎగిరే ముందు 12 గంటల్లో మందు ముట్టకూడదని రూలు, వాసన వస్తే దిగిపోండి. ఎన్నిసార్లు చెప్పినా ఇలాగే ఎగురుతుంటే తేదీలు, ఫొటోలతో విమానాల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీసీఏకి రాయండి, స్నేహం చెడుతుందని ఊరుకోవద్దు.