నెట్‌వర్క్ డివైస్ రిఫరెన్స్ లీకును పట్టుకోవడం

లినక్స్ కెర్నల్‌లో ఒక నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌ను తొలగించినప్పుడు, అది ఇంకా ఖాళీ కాలేదనీ, యూసేజ్ కౌంట్ ఇంత ఉందనీ తెలిపే సందేశం సుమారు 10 సెకన్లకొకసారి లాగ్‌లో వస్తూనే ఉంటే, తీసుకున్న రిఫరెన్స్‌ను (ఆ ఇంటర్‌ఫేస్‌ను ఇంకా వాడుతున్నామని కోడ్ పెట్టే గుర్తును) ఎవరో వదల్లేదని, అంటే అది లీక్ అయిందని అనుమానించాలి. ఎన్ని మిగిలాయో ఆ అంకె చెబుతుంది గాని, ఎవరు వదల్లేదో చెప్పదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

అందువల్ల 5.17 వెర్షన్‌లో వచ్చిన నెట్ డివైస్ రిఫరెన్స్ ట్రాకర్ ఎంపికను కాన్ఫిగ్‌లో ఆన్ చేసి, కెర్నల్‌ను మళ్లీ బిల్డ్ చేయాలి. అప్పుడు ఆ సందేశంతోపాటే, విడుదల కాని రిఫరెన్స్‌లను తీసుకున్న చోట్ల స్టాక్ ట్రేస్‌లు (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితాలు) కనిపిస్తాయి. అయితే రిఫరెన్స్‌ను తీసుకునే డెవ్ హోల్డ్, వదిలే డెవ్ పుట్ అనే పాత ఫంక్షన్ల జంటను వాడే కోడ్ జాడ ఇందులో దొరకదు కాబట్టి, అనుమానం ఉన్న చోట దానిని నెట్‌డెవ్ హోల్డ్, నెట్‌డెవ్ పుట్‌లకు మార్చి, ఒక్కొక్క రిఫరెన్స్‌కూ సొంత ట్రాకర్‌ను ఇవ్వాలి.

ట్రేస్ చూపిన ఫంక్షన్‌లో మొదట ఎర్రర్ దారులనే (లోపం ఎదురైనప్పుడు కోడ్ నడిచే మార్గాలనే) చదవండి. నా అనుభవంలో తప్పు ఎక్కువగా మధ్యలోనే రిటర్న్ అయ్యే దారిలో దొరుకుతుంది. కొంతసేపటికి కౌంట్ దానంతటదే తగ్గితే అది లీక్ కాదు, వాయిదా పడిన పని ఏదో ఆలస్యంగా నడిచిందని అర్థం. కారణం తేలకుండా అదనపు పుట్‌ను మాత్రం చేర్చకండి, ఎందుకంటే అప్పుడు లీక్ కాస్తా విడుదలైన మెమరీని వాడే బగ్‌గా మారుతుంది.