మొదటి సెకండ్‌హ్యాండ్ బోటు: లక్షణం చూసి లోపం పట్టడం

బోటు చూడ్డానికి వెళ్లినవాళ్ల కళ్లు ముందు సీట్ల మీద, రంగు మీద, స్పీకర్ల మీద పడతాయి. సీట్ల కవర్లు మార్చడం పెద్ద పనేం కాదు. డబ్బు తినేవి వేరే ఉన్నాయి: ఇంజిన్, దాన్ని మోసే వెనక గోడ, నేల కింద దాగిన చెక్క, ఇవన్నీ మోసే ట్రైలర్. కింద రాసినవాటిలో కొన్ని ఇంట్లో సరిచేసుకోగలిగేవి, కొన్ని బేరానికి పనికొచ్చేవి, కొన్ని దండం పెట్టి వచ్చేయాల్సినవి. ఏది ఏ కోవకి వస్తుందో ముందే తెలిస్తే అమ్మే మనిషి ముందు తడబడరు.

కారు లాగుతుందన్నారు గానీ, ఎత్తు ఎక్కేటప్పుడు మూలుగుతోంది

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. బోటు బరువు అని కంపెనీ కాగితంలో ఉన్నది ఖాళీ బోటు బరువు. ఔట్‌బోర్డ్ ఇంజిన్ (బోటు వెనక గోడకి బయట బిగించేది) అయితే చాలాసార్లు దాని బరువు కూడా అందులో ఉండదు. కాగితం మీద 900 కిలోలున్న బోటు లెక్క వేసి చూద్దాం. 115 హార్స్‌పవర్ ఇంజిన్ సుమారు 165 కిలోలు, 100 లీటర్ల పెట్రోలు 75, బ్యాటరీ 20, లంగరు, లైఫ్ జాకెట్లు, తాళ్లు, తిండి సామాను కలిపి 90, ట్రైలర్ 350. మొత్తం 1,600 కిలోలు!

పరిష్కారం బోటు వెతకడానికి ముందే మొదలవ్వాలి. కారు మాన్యువల్‌లో లాగగలిగే గరిష్ఠ బరువు చూసుకోండి, అందులో ఎనభై శాతం దగ్గర ఆగండి. పై బోటుకి రెండు టన్నులు లాగే బండి కావాలన్నమాట. అనుమానం ఉంటే అమ్మేవాళ్లని అడిగి ట్రైలర్‌తో సహా వేబ్రిడ్జి మీద తూకం వేయించండి. దీనివల్ల ఇంకో లాభం ఉంది. లెక్కకి మించి రెండొందల కిలోలు ఎక్కువ తూగితే, నేల కింద ఉన్న ఫోమ్ నీళ్లు పీల్చుకుని ఉండొచ్చు. ఆ నీళ్లు ఎండబెడితే పోయేవి కావు.

వేగం పెంచగానే ట్రైలర్ అటూ ఇటూ ఊగుతోంది

బరువంతా వెనక్కి ఉండి, హిచ్ బాల్ (కారు వెనక ట్రైలర్ తగిలించే ఇనుప గుండు) మీద భారం చాలకపోవడమే ఎక్కువసార్లు కారణం. బోటు ట్రైలర్‌కి మొత్తం బరువులో సుమారు 7 నుంచి 10 శాతం బాల్ మీద పడితే బాగుంటుంది. అయితే అది మీ కారుకీ హిచ్‌కీ రాసి ఉన్న పరిమితి దాటకూడదు. ట్రైలర్ ముందు భాగంలో బోటు ముక్కుని లాగి కట్టే వించ్ స్తంభాన్ని ముందుకి జరిపి బోటుని ముందుకి తెస్తే, వెనక ఉన్న సామాను ముందుకి మారిస్తే చాలాసార్లు సరిపోతుంది. దారిలో ఊపు మొదలైతే గట్టిగా బ్రేకు వేయకండి. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేయండి.

ఇదే సమయంలో బోటు వెనక అంచు ట్రైలర్ ఆనుడు పలకల కొసల మీద సరిగ్గా కూర్చుందో లేదో కూడా చూడండి. పలకలు దాటి వెనక్కి వేలాడుతుంటే, ఏళ్ల తరబడి ఇంజిన్ బరువుకి అడుగు వంగిపోతుంది. అలాంటి బోటు నీళ్లలో ముక్కు దించుకుని నడుస్తుంది. పొడవాటి స్కేలు అడుగుకి ఆనించి చూస్తే వంపు తెలిసిపోతుంది.

ఇంజిన్ పట్టుకుని ఊపితే వెనక గోడ కూడా కదులుతోంది

అన్నిటికన్నా ఎక్కువ సేపు చూడాల్సింది ఇక్కడే. ఇంజిన్ బిగించే వెనక గోడని ట్రాన్సమ్ అంటారు. పాత ఫైబర్‌గ్లాస్ బోట్లలో చాలావాటికి దాని లోపల ప్లైవుడ్ ఉంటుంది. నిచ్చెనకో, ఫిష్ ఫైండర్ సెన్సర్‌కో ఎవరో రంధ్రం వేస్తారు, సీలెంట్ సరిగ్గా పూయరు. నీళ్లు లోపలికి చేరి చెక్క కుళ్లుతుంది. పైకి మాత్రం గోడ నిగనిగలాడుతూనే ఉంటుంది.

ఔట్‌బోర్డ్‌ని పైకి లేపి, దాని కింది కొస పట్టుకుని ఒళ్లు బరువంతా వేసి కిందకీ పైకీ ఊపండి. ఆ సమయంలో ఇంకొకరు గోడ పై అంచుని చూస్తూ ఉండాలి. కాస్త వంగినా, ఇంజిన్ బోల్టుల చుట్టూ పగుళ్లు నోరు తెరిచినా లోపల ఏమీ మిగల్లేదని అర్థం. తర్వాత ప్లాస్టిక్ సుత్తితోనో స్క్రూడ్రైవర్ పిడితోనో గోడంతా జానెడేసి దూరంలో కొట్టుకుంటూ రండి. గట్టి చోట టక్ టక్‌మని వినిపిస్తుంది. కుళ్లిన చోట దబ్‌మంటుంది. అడుగున, మూలల్లో, రంధ్రాల చుట్టూ తప్పకుండా కొట్టండి. ఏదైనా స్క్రూ విప్పనిస్తే ఇంకా మంచిది. దాని వెంట తడి చెక్కపొడి వస్తే ఇక సుత్తితో పని లేదు.

దీనికి మరమ్మతు లేకపోలేదు: గోడ కోసి, చెక్క తీసేసి, కొత్తది పేర్చి మళ్లీ ఫైబర్ వేయాలి. చవక బోటు మీద ఆ ఖర్చు బోటు ధరనే దాటొచ్చు. మొదటి బోటు కొనేవాళ్లకి నా సలహా ఒక్కటే, ధర సగానికి తగ్గించినా వద్దు.

నేల మీద నడుస్తుంటే కాలు కింద మెత్తగా దిగినా కథ ఇంచుమించు ఇదే. ఒక హాచ్ మూత చుట్టూ మాత్రమే మెత్తగా ఉంటే బేరమాడొచ్చు. మధ్యలో పొడవునా మెత్తగా ఉంటే కిందున్న దూలాలు కూడా పోయినట్టే లెక్క.

మీరు వెళ్లేసరికే ఇంజిన్ వెచ్చగా ఉంది

ఏ లోపం లేకపోయినా ఇలా జరగొచ్చు. కానీ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవ్వని ఇంజిన్‌ని ముందే వేడి చేసి పెట్టడం పాత ఎత్తు. రాగానే కవరు మీద చెయ్యి వేసి చూడండి. వేడిగా ఉంటే మరో రోజు వస్తామని, మేం వచ్చేదాకా ముట్టుకోవద్దని చెప్పండి. ఆ రోజు కంప్రెషన్ (ఒక్కో సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి) కూడా కొలిపించండి. అంకె ఎంతన్నదాని కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అది పది శాతం దాటితే మెకానిక్ చెప్పే కారణం విన్నాకే ధర మాట్లాడాలి.

ఇరవై ఏళ్లలో 150 గంటలే నడిచిందంటే సంబరపడకండి. నడవని ఇంజిన్‌లో రబ్బరు ఎండుతుంది, పెట్రోలు జిగురై కార్బురేటర్లో పేరుకుంటుంది.

ఇంజిన్ పక్కనుంచి నీటి ధార సన్నగా వస్తోంది

ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు లోపల తిరుగుతున్నాయని చూపేది ఈ ధారే. ముందు అది వచ్చే రంధ్రంలో సన్నటి నైలాన్ తీగ పెట్టి కదపండి. మట్టో, పురుగు గూడో అడ్డుపడి ఉంటుంది. అప్పటికీ ధార పెరగకపోతే నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ (నీళ్లు తోసే రెక్కల చక్రం) అరిగిపోయి ఉండొచ్చు. దాన్ని రెండు మూడేళ్లకోసారి మార్చాల్సిందే, ఖర్చు పెద్దగా ఉండదు. ఎప్పుడు మార్చారో అమ్మేవాళ్లకి గుర్తు లేకపోతే కొన్న వారంలోనే మార్పించండి. ఒకటి మాత్రం మరవద్దు: నీళ్లు అందకుండా ఇంజిన్‌ని ఒక్క నిమిషం కూడా నడపనివ్వకండి.

గేర్ ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంది

ప్రొపెల్లర్ దగ్గరి గేర్ బాక్స్ కింది స్క్రూ కొంచెం వదులు చేసి, మొదట రాలే చుక్కలు వేలి మీద పట్టి చూడండి. నీళ్లు అడుక్కి చేరతాయి కాబట్టి ముందు అవే బయటికి వస్తాయి. ఆయిల్ తెల్లబడిందంటే సీలు పోయింది. స్క్రూ కొసన అయస్కాంతం ఉంటే దానికి మెత్తటి బూడిదలాంటి ఇనుప రజను అంటుకోవడం మామూలే. చేతికి తగిలే ముక్కలుంటే గేర్లు అరుగుతున్నాయి. సీళ్ల ఖర్చు ధరలోంచి తగ్గించుకుని కొనొచ్చు. ముక్కలు కనిపిస్తే కొనకండి.

ఇంజిన్ లోపలి ఆయిల్ ఇలా ఉంటే సంగతి వేరు. హెడ్ గాస్కెట్ పోయి ఉండొచ్చు, చలిలో నీళ్లు గడ్డకట్టి బ్లాకే పగిలి ఉండొచ్చు.

ఇంజిన్ రొద పెరుగుతోంది, బోటు మాత్రం కదలట్లేదు

ప్రొపెల్లర్ మధ్యలో ఉన్న రబ్బరు హబ్ జారుతోంది. భయపడకండి, హబ్ మారిస్తే సరిపోతుంది. ఇలాంటివి బయటపడేది నీళ్లలోనే, అందుకే నీళ్లలో నడిపి చూపించని బోటుకి అడ్వాన్స్ ఇవ్వొద్దు.

లోపల పెట్రోలు వాసన

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, అడుగునే నిలుస్తుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. గొట్టాలు గట్టిపడి పగిలాయా, ట్యాంకు చెమ్మగిల్లిందా చూడకుండా స్టార్ట్ చేయనివ్వకండి. ఇంజిన్ బోటు లోపలే ఉండే రకంలో స్టార్ట్ చేసే ముందు ఆవిరిని బయటికి తోసే బ్లోయర్ ఫ్యాన్ నాలుగు నిమిషాలు తిరగాలి. ఆ రకం బోట్లు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతాయి. అయినా వాటి రబ్బరు బెలోస్ (నీళ్లు లోపలికి రాకుండా ఆపే మడతల గొట్టాలు), పొగని బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బాధలు తలుచుకుంటే మొదటిసారికి ఔట్‌బోర్డే నయమనిపిస్తుంది.

ట్రైలర్ చక్రం హబ్ కాలుతోంది

పది పదిహేను కిలోమీటర్లు లాగాక హబ్ దగ్గరకి చెయ్యి తీసుకెళ్లండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. ముట్టుకోలేనంత వేడి ఉంటే బేరింగులు పోతున్నాయి. దారిలో వేడెక్కిన హబ్‌ని చల్లటి నీళ్లలో ముంచగానే లోపలి గాలి కుంచించుకుపోయి సీలు పక్కనుంచి నీళ్లు లాక్కుంటుంది. దాంతో గ్రీజు పాడవుతుంది. కొత్త బేరింగులు, సీళ్లు, గ్రీజు పెడితే చాలు. ఇరుసు గీతలు పడి ఉంటే మాత్రం ఇరుసే మార్చాలి.

టైరు పక్కన 2319 లాంటి నాలుగు అంకెలు ఉంటాయి. అంటే 2019లో 23వ వారం తయారైంది. ట్రైలర్ టైర్లు అరగకుండానే ముసలవుతాయి కాబట్టి ఆరేళ్లు దాటితే ట్రెడ్ (టైరు మీది గాళ్లు) ఎంత కొత్తగా ఉన్నా మార్చేయండి. లైట్లు మినుకు మినుకుమంటే ముందు ఎర్త్ వైరు తుప్పు గీకండి.

బోటు మీది నంబరు, కాగితాల్లోది వేరుగా ఉన్నాయి

వెనక గోడ కుడి వైపు పైభాగాన చెక్కి ఉండే హల్ నంబరుని (బోటు గుర్తింపు నంబరు) అక్షరం అక్షరం కాగితంతో పోల్చండి. ఇంజిన్ సీరియల్ నంబరు, ట్రైలర్ నంబరు కూడా. ట్రైలర్‌కి వేరే కాగితాలు ఉండాల్సిన చోట అవి లేకపోతే బోటు మీ సొంతమైనా రోడ్డెక్కించలేరు. గీకిన గుర్తు గానీ మార్చిన అంకె గానీ కనిపిస్తే ‘తర్వాత సరిచేసి పంపిస్తాం’ అన్నమాట నమ్మకండి, సరైన కాగితం చేతికొచ్చాకే డబ్బు తీయండి.