రంగం ఓడలో పోయినవారి జాడ తీయడం ఎలా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్లలో ఈ మాట వినిపిస్తుంది: "మా ముత్తాత రంగం వెళ్లాడు, ఓడ మునిగిపోయిందట." రంగం అంటే బర్మాలోని రంగూన్. ఆ మాట వినగానే అందరూ ప్రయాణికుల జాబితా కోసం పరిగెడతారు. నెలలు వృథా అయ్యేది అక్కడే. మారిషస్, నేటాల్ (దక్షిణాఫ్రికా), ఫిజీలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవారికి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాసిన కాగితాలు ఉండేవి. కూలీలను కూడగట్టి తీసుకెళ్లే మేస్త్రీల వెంట, ఓడ డెక్ మీద (పైతట్టు మీద) రంగూన్ వెళ్లిన ప్రయాణికులకు మామూలుగా అలాంటివి లేవు. టిక్కెట్టు కొన్నారు, ఓడెక్కారు. మునిగిన ఓడ మీద విచారణ జరిగినా, అందులో ఎంతమంది పోయారన్న లెక్క ఉంటుంది తప్ప కూలీల పేర్లు ఉండటం అరుదు. కాబట్టి ఇంట్లో మొదలుపెట్టండి. ఓడ దగ్గరికి చివర్లో రండి.

మొదట అడగవలసింది తద్దినం గురించి. ఆయనకు ప్రత్యేకంగా ఒక తిథి ఉందా, లేక మహాలయ అమావాస్యకే పెడుతున్నారా? తిథి ఉందంటే ఫలానా రోజున పోయాడని ఎవరో కబురు తెచ్చారన్నమాట. మహాలయ అమావాస్యకే పెడుతుంటే రోజు తెలియలేదనుకోవచ్చు. తద్దినాలు పెట్టని ఇళ్లలో సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు ఎవరెవరి పేర్లు తలుస్తారో రాసుకోండి. కనీసం ముగ్గురు పెద్దవాళ్లను విడివిడిగా అడగాలి. అందరినీ ఒకచోట కూర్చోబెడితే గట్టిగా మాట్లాడేవారి మాటే అందరి మాటగా మిగులుతుంది. ఓడ పేరు మీరు ముందుగా ఎత్తకండి. ఎత్తితే "ఆ, అదే, అదే" అంటారు. అది సాక్ష్యం కాదు.

సంవత్సరం పేరు దొరికితే అదృష్టమే, కానీ అది అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది. పింగళ అంటే 1857-58 కావచ్చు, 1917-18 కావచ్చు, 1977-78 కూడా కావచ్చు. పెద్ద కొడుకు వయసు, ఆడపిల్లల పెళ్లిళ్ల లెక్కతో ఏ పింగళో తేల్చుకున్నాకే మాసాన్ని, తిథిని ఇంగ్లీషు తేదీకి మార్చండి. ఒకరోజు అటూ ఇటూ తేడా వస్తుంది, దాన్ని వదిలేయండి.

తర్వాత ఊరు. పాత కాగితాల్లో శ్రీకాకుళం జిల్లా అని వెతికితే ఏమీ దొరకదు, ఎందుకంటే ఆ జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు పడేదాకా చికాకోల్ (నేటి శ్రీకాకుళం), టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం గంజాం జిల్లాలో ఉండేవి. పాలకొండ, బొబ్బిలి, పార్వతీపురం వైజాగపటం (విశాఖపట్నం) జిల్లాలోవి. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న వచ్చింది. చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో అడిగేటప్పుడు ఆనాటి జిల్లా పేరుతోనే అడగాలి. ఊరి పేర్లకు నాలుగైదు ఇంగ్లీషు వర్ణక్రమాలు ముందే రాసిపెట్టుకోండి. మనుషుల పేర్లతో మరీ జాగ్రత్త. ఇంటిపేరు తరచుగా ఉండదు. అప్పలస్వామి, అప్పన్న, అప్పడు ఒకే మనిషి కావచ్చు. సింహాచలం, పైడయ్య లాంటి పేర్లు ప్రతి ఊళ్లోనూ పదిమందికి ఉంటాయి. కాబట్టి పేరొక్కటే కలిస్తే ఏమీ కలిసినట్టు కాదు. తండ్రి పేరు కూడా కలవాలి.

అన్నిటికంటే నమ్మదగినది భూమి కాగితం. మనిషి తిరిగి రాకపోతే పొలం ఏదో ఒకనాడు చేతులు మారుతుంది. భార్యో కొడుకో అమ్మినప్పుడు దస్తావేజు మొదట్లో తమకు హక్కు ఎలా వచ్చిందో రాయిస్తారు. "నా భర్త రంగూన్ వెళ్లి మరణించినందున" అన్న ఒక్క వాక్యం దొరికితే చాలు, మరణం ఫలానా తేదీకి ముందే జరిగిందని తేలుతుంది. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఇండెక్స్ 1 పేర్ల ప్రకారం, ఇండెక్స్ 2 ఆస్తి ప్రకారం ఉంటాయి. పేరుతో దొరక్కపోతే ఊరితో, సర్వే నంబరుతో వెతికించి, ఒకటో పుస్తకం నుంచి నకలు తీసుకోండి. ఇంత పాత దస్తావేజులు కంప్యూటర్ ఈసీలో (ఆస్తి లావాదేవీల జాబితాలో) కనబడవు, చేత్తో వెతకమని విడిగా దరఖాస్తు పెట్టాలి. ఆ కార్యాలయం తర్వాత ఏర్పడిందైతే పాత పుస్తకాలు మాతృ కార్యాలయంలో ఉండవచ్చు. జమీందారీ గ్రామమైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్ (ఏ పొలం ఎవరిదో రాసిన రికార్డు) చూడండి. పొలం ముత్తాత పేరున కాక భార్య పేరున ఉంటే, ఆయన అప్పటికే లేడని గట్టిగా అనుకోవచ్చు.

వంశం పైతరాలకు పూరీ, గయ, కాశీ పండాల (తీర్థ పురోహితుల) బహీలు, అంటే యాత్రికుల వంశాలు రాసిపెట్టిన పుస్తకాలు ఉపయోగపడతాయి. ఊరు, కులం, ఇంటిపేరు చెబితే మీ ప్రాంతం ఎవరి వంతో వాళ్లే చెబుతారు. పుట మొత్తం ఫోటో తీసుకోండి. పక్క పద్దులో అన్నదమ్ములు ఉంటారు.

ఇప్పుడు ఓడ. 1917లో రంగూన్ మార్గంలో నిప్పంటుకుని బారువ దగ్గర పోయిన చిల్కా ఈ తీరంలో అందరికీ తెలిసినది. అందుకే ప్రతి నష్టాన్నీ దానికే కట్టేస్తున్నారు. తిథి పింగళలో పడకపోతే అది చిల్కా కాదు. చిల్కా నడిపిన బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడల పేర్లు చాలావరకు 'ఆ' శబ్దంతో ముగుస్తాయి: చిల్కా, మాల్డా, ఇండోరా. ఇంట్లో వంకరగా మిగిలిన పేరును గుర్తుపట్టడానికి ఈ సంగతి పనికొస్తుంది. మాల్డా, ఇండోరాలను 1942 ఏప్రిల్ 6న జపాన్ నౌకలు ముంచాయి. విశాఖ, కాకినాడల మీద బాంబులు పడింది కూడా ఆ రోజే. అది చిత్రభాను, చైత్ర బహుళం. కానీ రంగూన్ మార్చి 8నే, వృష సంవత్సరం చివర్లోనే, జపాన్ చేతికి పోయింది. కాబట్టి ఏప్రిల్‌లో రంగూన్ నుంచి వస్తూ మునిగాడన్న కథ నిలవదు. ఆయన అరకాన్ దారిలోనో మణిపూర్ దారిలోనో నడిచి వస్తూ పోయి ఉండవచ్చు. అలాంటివారి కోసం ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ వారి వెబ్‌సైటు అభిలేఖ్ పటల్‌లో 'ఇండియన్స్ ఓవర్సీస్' శాఖ ఫైళ్లు వెతకాలి.

పత్రికల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి మూడు వారాల సంచికలు చూడండి. తెలుగులో ఆంధ్రపత్రిక 1914 నుంచి దినపత్రికగా వచ్చింది. పాత సంచికలు ఆంధ్రప్రదేశ్ మీడియా అకాడమీ (పూర్వపు ప్రెస్ అకాడమీ) డిజిటల్ భాండాగారంలో ఉన్నాయి. మీవాడు ప్రయాణికుడు కాక ఓడ పనివాడైతే దారి వేరు. యుద్ధకాలంలో పోయిన నావికుల పేర్లు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో ఉచితంగా వెతకవచ్చు. మొదటి యుద్ధానికి బొంబాయి స్మారకం, రెండోదానికి చిట్టగాంగ్ స్మారకం చూడండి. బ్రిటిష్ ఓడల మీద 1891 తర్వాత జరిగిన మరణాల రిజిస్టర్లు లండన్ దగ్గర క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటిష్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

తేదీ, ప్రయాణ దిశ, ఎక్కిన రేవు, ఈ మూడూ కలిస్తేనే వంశవృక్షంలో ఓడ పేరు రాయండి. రెండే కలిస్తే "పింగళ వానాకాలంలో, రంగం దారిలో" అని మాత్రం రాసి, ఆ మాట ఎవరు చెప్పారో, ఏ రోజున చెప్పారో పక్కన వేయండి. తర్వాత వెతికేవాళ్లు అక్కడి నుంచే మొదలుపెడతారు.